పేరు చెరిగిన సైకిలుతో ఎనిమిది నెలలు

మా పెదనాన్న సైకిలు ముప్పై ఏళ్లుగా సామాన్ల గదిలో మూలన పడి ఉంది. బయటికి తీసి, దుమ్ము దులిపి, ఎండలో నిలబెట్టి చూస్తే దాని మీద ఒక్క అక్షరం కూడా కనిపించలేదు. హ్యాండిల్ దిగే ముందు గొట్టం మీద ఉండాల్సిన కంపెనీ బిళ్ల లేదు. ఎవరో కుంచెతో పూసిన నల్లరంగు ఫ్రేమంతా మందంగా కప్పేసింది.

"ఇది ఏ కంపెనీది పెదనాన్నా?" అని అడిగాను.

"నేను కొనేటప్పటికే అది ఇద్దరు ముగ్గురి చేతులు మారిందిరా. నల్లరంగు అప్పటికే ఉంది. పేరు నేనూ చూడలేదు" అన్నారు. కాసేపయ్యాక గుర్తొచ్చి, "మూడో గేరు జారేది. తొక్కుతుంటే ఉన్నట్టుండి కాలు గాల్లోకి పోయేది. ఒకసారి పడ్డాను కూడా. అందుకే పక్కన పెట్టేశా" అని చెప్పారు.

దాన్ని మళ్లీ నడిపించాలని ఆ రోజే అనుకున్నాను. అయితే అంతకంటే ముందు అదేమిటో తెలుసుకోవాలనిపించింది. ఎమరీ కాగితంతో రంగంతా గీకేసి కొత్తరంగు కొట్టించడం సులువైన దారి. కానీ పేరు లేని సైకిలుకు సాక్ష్యాలన్నీ దాని ఒంటి మీదే ఉంటాయి. రంగు పొరలు, రివెట్ల రంధ్రాలు, గొట్టాల కొలతలు, మరలు, గుద్దిన అంకెలు. గీకితే వాటిలో సగం పోతాయి. అందుకే మొదటి నెలంతా పానా ముట్టుకోలేదు. వెర్నియర్ కాలిపర్, టేపు, టార్చి, ఒక నోటు పుస్తకం. అంతే. ప్రతి భాగాన్నీ ఫొటో తీశాను, ఏ వాషర్ ఏ వైపు ఉందో కూడా రాసుకున్నాను. తర్వాత ఆ పుస్తకం ఎన్నిసార్లు కాపాడిందో లెక్కలేదు.

మొదటి ఆధారం వెనక హబ్బు మీద, అంటే చక్రం నడుమ స్పోకులన్నీ కలిసే డబ్బా మీద దొరికింది. కిరసనాయిలులో తడిపిన గుడ్డతో జిడ్డు తుడుస్తుంటే స్టర్మీ ఆర్చర్ అన్న పేరు, దాని దగ్గర ఏడబ్ల్యూ అన్న మోడల్ అక్షరాలు, ఆ తర్వాత 55, 10 అన్న అంకెలు బయటపడ్డాయి. స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్బులకు ఇంగ్లండులో పేరుపడ్డ కంపెనీ. ఆ రోజుల్లో హబ్బు మీద తయారైన సంవత్సరం, నెల గుద్దేవారు. అంటే నా చేతిలో ఉన్నది 1955 అక్టోబరు నాటి హబ్బు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

కానీ హబ్బు తేదీ సైకిలు తేదీ కాదు. చక్రం ఎప్పుడైనా మార్చి ఉండవచ్చు. అందుకే మిగతా భాగాలు ఆ తేదీతో కలుస్తున్నాయో లేదో చూడాలి. స్పోకులు లెక్కపెట్టాను. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40. ఇది పాత బ్రిటిష్ పద్ధతి. బరువు ఎక్కువగా పడే వెనక చక్రానికి ఎక్కువ స్పోకులు వేసేవారు. చాలా దేశాల్లో రెంటికీ 36 చొప్పునే ఉండేవి. ముందు ఫోర్కు కుడి పక్కన లైటు తగిలించడానికి అతికించిన చిన్న దిమ్మ కూడా బ్రిటిష్ సైకిళ్లలో చూసేదే. క్రాంకుల (పెడళ్లు తగిలించే చేతుల) వెనక తుప్పు కింద విలియమ్స్ అన్న తయారీదారు పేరు, రెండిటి మీదా ఒకే కోడ్ అక్షరం కనిపించాయి. జత విడిపోలేదన్నమాట. ఇలా ఒక్కొక్కటీ ఒకే వైపు చూపిస్తుంటే ఆ చక్రం ఈ ఫ్రేముతోనే పుట్టి ఉంటుందన్న నమ్మకం కుదిరింది.

పళ్ల చక్రం మాత్రం నోరు విప్పలేదు. పాత కంపెనీలు చాలావరకు పెద్ద పళ్ల చక్రంలోనే తమ గుర్తు కోసేవి. రాలీ చక్రంలో కొంగ బొమ్మలుంటాయి, బీఎస్ఏ చక్రాల్లో ఆ మూడు అక్షరాలే ఆకారంగా ఉంటాయి. దూరం నుంచి చూసినా గుర్తుపట్టవచ్చు. మాది సాదా ఆకారం, 46 పళ్లు. ఎవరైనా కొనుక్కుని వేసుకోగలిగే రకం.

ఆ తర్వాత సీటు గొట్టం దగ్గర నా ఆశ కొంత దెబ్బతింది. ఇది రెనాల్డ్స్ 531 గొట్టాలతో చేసిన మేలురకం ఫ్రేము కావాలని లోలోపల గట్టిగా కోరుకున్నాను. రెనాల్డ్స్ కంపెనీ 1935లో తెచ్చిన ఆ ఉక్కు గొట్టాలు తేలికదనానికి పేరు. కాగితం గుర్తు చెరిగిపోయినా గొట్టం గోడ మందాన్ని బట్టి అంచనా వేయవచ్చు. అప్పటి సీటు గొట్టం బయటి కొలత సాధారణంగా 28.6 మిల్లీమీటర్లు. 531 మేలురకం గొట్టంలో గోడ పలచన కాబట్టి సీటు రాడ్డు సాధారణంగా 27.2 మిల్లీమీటర్లు పడుతుంది. మా సైకిలు రాడ్డు కొలిస్తే 26.4 వచ్చింది. రెండింటికీ తేడా 2.2, అందులో రాడ్డు దూరేందుకు కొంచెం ఖాళీ తీసేస్తే గోడ మందం సుమారు 1 మిల్లీమీటరు. మామూలు ఉక్కు గొట్టం. మూడుసార్లు కొలిచినా అదే లెక్క. బాధనిపించిన మాట నిజం. కొలత మారదు కాబట్టి పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

క్రాంకులు విప్పడం ఈ పనంతటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది. పాత క్రాంకుల్ని ఇరుసుకు పట్టి ఉంచేవి కాటర్ పిన్నులు. అరవై ఏళ్ల తుప్పు పట్టిన కాటర్ కదలదు. నూనె వేసి నాలుగు రోజులు నాననిచ్చి, నట్టు వదులు చేసి, సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేశాను. చేయకూడనిది అదే. చిన్న దెబ్బలకు పిన్ను తల పుట్టగొడుగులా నలిగిపోయి ఇంకా బిగుసుకుంది. ఒక వృద్ధ మెకానిక్ నా తిప్పలు చూసి, "క్రాంకు కింద గట్టి ఇనుప గొట్టం ఆనించు బాబూ, దెబ్బ భూమికి పోవాలి గానీ గుండ్ల మీద పడకూడదు. కొడితే ఒక్కటే కొట్టు" అన్నారు. క్రాంకు కింద ఆనుడు లేకపోతే దెబ్బంతా ఇరుసు తిరిగే లోపలి ఉక్కు గుండ్ల మీద, ఆ గుండ్లు కూర్చునే కప్పుల మీద పడి గుంటలు పడతాయి. ఆయన చెప్పినట్టే చేస్తే ఎడమ పక్కది ఒక్క దెబ్బకు ఊడింది. కుడి పక్కది నేను ముందే నలగ్గొట్టాను కాబట్టి డ్రిల్లుతో తొలచాల్సి వచ్చింది.

ఇరుసు కూర్చునే అడ్డగొట్టాన్ని బీబీ అంటారు కదా, అసలు కథ అక్కడ బయటపడింది. కుడి పక్క కప్పు తుడిస్తే దాని మీద ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకుల గుర్తు కనిపించింది. అది బీఎస్ఏ గుర్తు. 1861లో బర్మింగ్‌హామ్‌లో తుపాకుల తయారీకి మొదలైన కంపెనీ, తర్వాత సైకిళ్లలోకి వచ్చింది. పరుగెత్తుకెళ్లి పెదనాన్నకు చెప్పాను, "బీఎస్ఏ అట!" అని. ఆయన ముఖంలో సంతోషం చూశాక నాకు తొందరపడ్డానేమో అనిపించింది.

తొందరే. బీఎస్ఏ తన సైకిళ్లు తయారుచేయడమే కాదు, హబ్బులు, కప్పులు, ఇరుసులు, అతుకు ముక్కలు బయటివాళ్లకు అమ్మేది కూడా. చిన్న చిన్న దుకాణాలవాళ్లు ఆ భాగాలు కొనుక్కుని, గొట్టాలు ఇత్తడితో అతికి, రంగువేసి తమ సొంత బిళ్ల తగిలించుకునేవారు. కాబట్టి కప్పు మీద తుపాకులున్నంత మాత్రాన ఫ్రేము బీఎస్ఏది అయిపోదు. మర్నాడు పెదనాన్న దగ్గరికి వెళ్లి, నిన్న చెప్పింది ఇంకా ఖాయం కాలేదని చెప్పాల్సి వచ్చింది. "నిదానంగా చూడరా, అదేం పారిపోదు" అన్నారాయన.

మరలు కొలవడం అప్పుడే నేర్చుకున్నాను. ఎడమ కప్పు విప్పి, మర చుట్లను కొలిచే పిచ్ గేజ్ పళ్లు ఆనిస్తే అంగుళానికి 24 మరలని తేలింది. నాటింగ్‌హామ్‌లోని రాలీ తన సైకిళ్లకు అంగుళానికి 26 మరలుండే సొంత కొలత వాడేది. కాబట్టి రాలీ ఫ్యాక్టరీలో పుట్టిన ఫ్రేము కాదని ఒక్క దెబ్బకు తేలిపోయింది. కుడి కప్పు ఎడమ మరది, అంటే విప్పడానికి గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. ఇటలీ సైకిళ్లలో రెండు పక్కలా కుడి మరే ఉంటుంది, కప్పు వెడల్పూ ఎక్కువే. ఇది తెలియకుండా పెద్ద పానా పెట్టి బలం చూపిస్తే కప్పు విప్పుతున్నామనుకుంటూ బిగించేస్తాం. మన సైకిలుకు ఏ మర ఉందో తెలిశాకే పానా పట్టుకోవాలని ఈ పని మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

బీబీ గుల్ల అడుగున అయిదంకెల నంబరు ఉంది. నంబరు దొరికితే అన్నీ తెలిసిపోతాయని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. తయారుచేసినవాళ్లెవరో తెలిస్తేనే నంబరుకు అర్థం. ఒకే అయిదంకెలు వేర్వేరు కంపెనీలు వేర్వేరు ఏళ్లలో గుద్ది ఉండవచ్చు.

ఇక మిగిలింది రంగు. పాత ఫ్యాక్టరీ రంగు కొలిమిలో కాల్చి గట్టిపరిచింది. కుంచెతో పూసిన రంగు గాలికి ఆరింది, దానికంటే మెత్తన. కాబట్టి ద్రావకం జాగ్రత్తగా వాడితే పై పొర మెత్తబడి లేస్తుంది, కింది పొర నిలుస్తుంది. మొదట సీటు కింద ఎవరికీ కనిపించని చోట గోరంత మేర పరీక్షించాను. నల్లరంగు జిగురులా లేచింది. దాని కింద ముదురు మెరూన్. ఆ మెరూన్ మీద వెంట్రుకంత బంగారు గీత! చెక్క చెంచా మొనతో, దూది ఉండలతో, రోజుకు జానెడు మేర తీస్తూ వెళ్లాను. దీనికే రెండు నెలలు పట్టింది. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకడం, ఆ దుమ్ము పీల్చడం ప్రమాదం. తడిగానే పనిచేశాను, మాస్కు, గ్లౌజులు తీయలేదు, తీసిన రంగంతా ఒక డబ్బాలో పోగుచేశాను.

ముందు గొట్టం దగ్గరికి వచ్చేసరికి నా చేతులు వణికాయి. రెండు రివెట్ల రంధ్రాలు ఒకదాని కింద ఒకటి, మధ్య నుంచి మధ్యకు 64 మిల్లీమీటర్లు. వాటి చుట్టూ డాలు ఆకారంలో మెరూన్ రంగు మిగతాచోటి కంటే ముదురుగా ఉంది. బిళ్ల ఉన్నన్నాళ్లూ ఎండ తగలక వెలిసిపోని రంగు అది. బిళ్ల పోయింది గానీ దాని నీడ మిగిలింది. కింది గొట్టం మీద పేరు ఉండాల్సిన చోట టార్చిని పక్కవాటుగా పట్టి చూస్తే అక్షరాల ఉబ్బు లీలగా తెలిసింది. మొదటిది గుండ్రని అక్షరం, చివరిది నిలువు గీత. మధ్యవి పూర్తిగా అరిగిపోయాయి. ఎన్ని రాత్రులు చూసినా అంతకంటే చదవలేకపోయాను.

అంతా కలిపి నేను చెప్పగలిగింది ఇది: 1955 చివర లేదా 1956లో, బ్రిటిష్ పద్ధతిలో, కొన్న భాగాలతో ఎవరో చిన్న తయారీదారు కట్టిన మామూలు ఉక్కు సైకిలు. మెరూన్ రంగు, బంగారు గీతలు, డాలు ఆకారపు బిళ్ల. పేరు తెలియదు. "దీని మీద బీఎస్ఏ స్టిక్కరు వేసుకో, ఎవరికి తెలుస్తుంది" అని ఒక స్నేహితుడు అన్నాడు. మనసొప్పలేదు. కట్టినవాడి పనిని ఇంకొకరి పేరు కింద పెట్టడం నాకు తప్పనిపించింది. అతుకుల దగ్గర ఇత్తడి ఎంత నున్నగా పారిందో, గొట్టాలను కలిపే అతుకు ముక్కల (లగ్గుల) అంచులు ఆకురాయితో ఎంత ఓపికగా పలచన చేశారో రెండు నెలలు దగ్గరగా చూసినవాణ్ణి.

బాగుచేయడంలో చాలావరకు ఓపిక పనే. ఫ్రేము వంకర ఉందేమో చూడటానికి వెనక చక్రం కూర్చునే ఒక కొన నుంచి దారం ముందు గొట్టం చుట్టూ తిప్పి రెండో కొనకు కట్టి, సీటు గొట్టానికి రెండు పక్కలా దూరం కొలిచాను. 3 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఉక్కు కాబట్టి చేత్తో నిదానంగా వంచితే సరిపడింది. తుప్పు పట్టిన చిన్న ఇనుప ముక్కలకు ఆక్సాలిక్ ఆమ్లం వాడాను. లీటరు నీటికి 25 గ్రాములు, ఆరుబయట, గ్లౌజులతో. అది విషపదార్థం. తీయగానే వంటసోడా నీళ్లలో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. ఎక్కువసేపు ఉంచితే పసుపు పొర కడుతుంది. హ్యాండిల్ విషయంలో మాత్రం పెద్ద పొరపాటు చేశాను. తుప్పు పోతుందని రాత్రంతా వెనిగర్‌లో ఉంచేశాను. పొద్దున చూస్తే క్రోమ్ అంచులు లేచి కింద నల్లబడింది. నీళ్లలో తడిపిన అల్యూమినియం రేకుతో రుద్దితే చాలు, క్రోమ్ మీది తుప్పు వచ్చేస్తుంది. మడ్‌గార్డును పట్టి ఉంచే కడ్డీలకు అలాగే చేశాను, మెరిసిపోయాయి. హ్యాండిల్ మీది ఆ మచ్చలు ఇప్పటికీ చూస్తే మనసు చివుక్కుమంటుంది.

టైర్ల దగ్గర ఇంకో గందరగోళం. పాతది 26 అంగుళాల చక్రం కదా అని 26 అని రాసి ఉన్న టైరు తెచ్చాను. ఎక్కలేదు సరికదా, రిమ్ము కంటే చిన్నదైపోయింది. 26 అన్న పేరుతో చాలా కొలతలున్నాయి. మౌంటెన్ సైకిళ్ల 26 రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం 559 మిల్లీమీటర్లు, మాది 26 ఇంటూ 1⅜ కాబట్టి 590. అంగుళాలు వదిలేసి టైరు పక్కన ఉండే 37-590 లాంటి అంకె చూసి కొనాలి.

గుండ్లన్నీ కొత్తవి వేశాను. బీబీకి పావు అంగుళానివి పక్కకు 11, ముందు హబ్బుకు 3/16 అంగుళానివి పక్కకు 10. చైను 24 లింకులు కొలిస్తే 12 అంగుళాలు రావాలి, మాది 12 అంగుళాల 3/16 ఉంది. సాగిపోయిన చైను కొత్త పళ్లను కూడా తినేస్తుంది కాబట్టి అదీ మార్చాను. కొత్త కాటర్లు 9.5 మిల్లీమీటర్లవి, చదును ముఖాన్ని ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీస్తూ రెండు క్రాంకులూ ఒకే గీతలోకి వచ్చేదాకా సరిచేశాను. ఒక పిన్ను నట్టు ఇటు వైపుంటే రెండోది అటు వైపుండాలి, లేకపోతే క్రాంకులు వంకరగా కనిపిస్తాయి.

గేరు హబ్బు విప్పడానికి ముందు వారం రోజులు టెన్షన్. కానీ విప్పాక దాని మీద ప్రేమ పుట్టింది. నడుమ కదలని 20 పళ్ల చక్రం, దాని చుట్టూ తిరిగే నాలుగు చిన్న చక్రాలు, బయట 60 పళ్ల కంకణం. 60 మీద 20 అంటే మూడోవంతు, అందుకే మూడో గేరులో చక్రం మామూలు కంటే మూడోవంతు ఎక్కువ తిరుగుతుంది. మొదటి గేరులో ముప్పావు వంతే. రెండోది నేరుగా. ఇంతే లెక్క, ఇంత చిన్న డబ్బాలో! విప్పేటప్పుడు గుండ్లుండే పెద్ద వలయం ఎక్కడుందో హబ్బు మీద గీత గీసుకోవాలి. దాని మర ఎక్కడం మొదలయ్యే చోట్లు రెండుంటాయి. తిరిగి బిగించేటప్పుడు రెండోదానిలో పడితే రిమ్ము నడుమ నుంచి పక్కకు జరుగుతుంది.

లోపల నల్లబడ్డ జిడ్డు తప్ప అరుగుదల లేదు. పళ్లన్నీ పదునుగానే ఉన్నాయి. మరి పెదనాన్నను పడేసిన మూడో గేరు సంగతేమిటి? తీరా చూస్తే దోషం హబ్బులో లేనే లేదు. ఈ రకం హబ్బులో మూడో గేరు అంటే తీగ పూర్తిగా వదులయ్యే స్థితి. లోపలి స్ప్రింగు ఆ తీగను వెనక్కి లాక్కోవాలి. తీగ తన తొడుగులో తుప్పు పట్టి బిగుసుకుంటే స్ప్రింగు దాన్ని లాక్కోలేదు, రెండుకూ మూడుకూ మధ్య ఏ గేరూ పట్టని చోట ఆగిపోతుంది. అప్పుడు తొక్కితే కాలు గాల్లోకి పోతుంది. ఆయన అన్న మాట అక్షరాలా అదే.

కొత్త తీగ వేసి, రెండో గేరులో పెట్టి, కుడి నట్టు కిటికీలోంచి చూస్తూ లోపలి చిన్న కడ్డీ మెట్టు ఇరుసు కొనకు సమానంగా వచ్చేదాకా సరిచేశాను. గ్రీజు కాదు, పలచటి నూనె కొన్ని చుక్కలు.

మెరూన్ సగానికి పైగా నిలిచింది. పోయిన చోట్ల మాత్రమే దగ్గరి రంగు కలిపి అద్ది, మొత్తానికి మైనం పట్టించాను. డాలు నీడను, కింది గొట్టం మీది అక్షరాల ఉబ్బును ముట్టుకోలేదు. రెండు రంధ్రాలూ అలాగే ఉన్నాయి.

ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం పెదనాన్న వచ్చి సైకిలు చుట్టూ తిరిగారు. ముందు గొట్టం మీది నీడను వేలితో తడిమి చూశారు. వద్దన్నా వినకుండా ఎక్కారు. పక్కనే పరుగెత్తాను. కొంత దూరం పోయాక ఆయన బొటనవేలు గేరు మీట మీదికి వెళ్లింది. కాళ్లు ఒక్క క్షణం ఆగాయి, మీట కదిలింది, మళ్లీ కాళ్లు తిరిగాయి. ఈ హబ్బుకు గేరు మార్చాల్సిన పద్ధతి అదే, ముప్పై ఏళ్లయినా ఆయన కాళ్లు మరచిపోలేదు. సైకిలు నన్ను దాటి ముందుకు పోయింది.

మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి, "పట్టిందిరా, మూడోది పట్టింది!" అని అరిచారు.